పంక్తిని ఆపిన లెక్కల మాస్టారు

మొన్న ఒక పెళ్లికి వెళ్తే బఫే పెట్టారు. పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడి తినడం నాకూ నచ్చదు, నా మోకాళ్లకీ నచ్చదు. ఎప్పటిలాగే విసుక్కోబోతూ చుట్టూ చూశాను. ఎవరిది అయిపోతే వాళ్లు పళ్లెం తొట్టిలో పడేసి వెళ్లిపోతున్నారు. ఎవరూ ఎవరికోసమూ ఆగడం లేదు. అప్పుడు మా తిరువూరు లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఈ బఫే ఏదో డెబ్బైల్లోనే మా వైపు వచ్చి ఉంటే ఆ మహానుభావుడికి సగం మంది శత్రువులు తగ్గేవారు కదా అనిపించింది. మిగతా సగం ఆయన దగ్గర లెక్కలు చదువుకున్నవాళ్లు కాబట్టి వాళ్ల విషయంలో చెయ్యగలిగింది ఏమీ లేదు.

పంక్తి భోజనం నియమం ఇప్పటివాళ్లకి తెలియకపోవచ్చు. వరసగా విస్తళ్లు వేసి కూర్చున్నాక, ఆఖరివాడు తినడం ముగించేదాకా మొదటివాడు లేవకూడదు. లేస్తే ఇంకా తింటున్నవాడిని అవమానించినట్టు. కడుపు నిండినవాడు కూడా ఎంగిలి చెయ్యి విస్తరి మీద పెట్టుకుని, మెతుకులు ఎండి వేళ్లకి పట్టేస్తున్నా సరే, కూర్చోవలసిందే. మామూలుగా అయితే ఇది రెండు మూడు నిమిషాల పని. పంక్తిలో మా లెక్కల మాస్టారు ఉంటే ముప్పావుగంట.

నేను సైన్సు మాస్టారుగా తిరువూరు హైస్కూల్లో చేరేటప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. చేరిన పదో రోజునే హెడ్మాస్టరు గారింట్లో వ్రతం, భోజనాలు. పెద్దాయన ఒక్కరే కూర్చున్నారు కదా అని నేను నేరుగా వెళ్లి లెక్కల మాస్టారి పక్కన కూర్చున్నాను. మిగతా మాస్టర్లు కాళ్లు కడుక్కునే నెపంతో పెరట్లో తచ్చాడుతూ రెండో పంక్తికి ఎందుకు ఉండిపోయారో నాకు మజ్జిగ దాకా వచ్చాక గానీ అర్థం కాలేదు.

ఆయన భోజనం చూడవలసిందే. సొంత ఇత్తడి చెంబు ఇంటినుంచి తెచ్చుకుని ఎడమ పక్కన పెట్టుకునేవారు. అన్నాన్ని మెత్తగా పిసికి, ఉసిరికాయంత ముద్ద చేసి, నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలేవారు. తరవాత గుక్కెడు నీళ్లు పోసుకుని, కోడి నీళ్లు తాగినట్టు గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుని ఆగేవారు. ముద్ద దిగిందని లోపలినుంచి కబురు అందాక కళ్లు తెరిచి రెండో ముద్ద కలిపేవారు. గారెని మజ్జిగలో వేసి అది తన ఆకారం మరిచిపోయాక తినేవారు. ఆవకాయ ముక్కని చప్పరించి పక్కన పెట్టేవారు. పులిహోర వడ్డించబోతే విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టేవారు.

అర్చకుల కుటుంబం వాళ్లది. అన్నగారు గుడి చూసుకుంటే ఈయన లెక్కలు చూసుకున్నారు. యాభై ఏళ్ల వయసు, సన్నగా పొడుగ్గా ఉండేవారు. ఊరు ఆయన గురించి తేల్చవలసినవన్నీ ఎప్పుడో తేల్చేసింది. పంక్తిలో అందరికంటే ఎక్కువసేపు తింటాడు కాబట్టి తిండిపోతు. అంత బక్కపల్చటి తిండిపోతుని నేను మళ్లీ చూడలేదు. ఎవరిముందూ వంగడు కాబట్టి గర్విష్ఠి. నిజంగానే ఆయన వంగేవారు కాదు. సుద్దముక్క కింద పడితే ముందు బెంచీవాడు తీసివ్వాలి. గుళ్లో సొంత అన్నగారు హారతి పట్టినా నిటారుగా నిలబడే దణ్ణం పెట్టేవారు. మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుని సగం కూర్చునే నిద్రపోతాడని పక్కింటివాళ్లు చెప్పారు కాబట్టి జమీందారీ పోకడలు కూడా ఉన్నట్టే.

పోతే, ఆయన గొంతు అప్పుడప్పుడు నోట్లో ఏదో దాచుకుని మాట్లాడుతున్నట్టు ముద్దగా వచ్చేది. క్లాసులో కిళ్లీ నములుతున్నాడని ఎవరో ఫిర్యాదు చేశారు. హెడ్మాస్టరు గారు తన గదికి పిలిపించి నోరు తెరవమన్నారు. ఈయన తెరిచారు. ఏమీ లేదు. మింగేసి ఉంటాడని హెడ్మాస్టరు గారు తీర్పు చెప్పారు. ఆ తీర్పు ఎంత సరైనదో ఆయనకి కూడా తెలియదు.

లెక్కల మాస్టారికి ఒక ఊతపదం ఉండేది. "జవాబు సరే, స్టెప్పులేవి?" జవాబు రైటైనా సరే, మధ్యలో ఒక్క స్టెప్పు మింగేస్తే సున్నా వేసేవారు. పిల్లలతో ఆగితే బాగానే ఉండేది. ఊళ్లో డాక్టరు గారు ఆయన పొట్ట నొక్కి చూసి గ్యాసు అని చెప్పినప్పుడు కూడా ఇదే అడిగారు. గ్యాసు అయితే గొంతులో ఎందుకుంటుంది, గొంతులో ఉంటే పొట్ట ఎందుకు నొక్కారు, వరసగా చెప్పమన్నారు. డాక్టరు గారికి కోపం వచ్చి, గ్యాసు కొట్టేసి నరాల జబ్బు అని రాసిచ్చారు. దానికీ స్టెప్పులు అడగబోతే కాంపౌండరు వచ్చి బయటికి తీసుకెళ్లాడు.

చిత్రమేమిటంటే ఆయన ఏదీ దాచుకోలేదు. గొంతులో ఒక వస్తువు ఉందనీ, వంగినా దగ్గినా అది నోట్లోకి వస్తుందనీ, మింగితే వెళ్లిపోతుందనీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవారు. పదకొండేళ్లుగా చెప్తున్నారు. అది వచ్చినప్పుడల్లా పక్కన ఎవరూ ఉండేవారు కాదు, ఉన్నా ఆయన సిగ్గుపడి ఉత్తరీయం అడ్డం పెట్టుకునేవారు. కాబట్టి దాన్ని చూసినవాళ్లు లేరు. స్టాఫు రూములో మేమంతా దాని క్షేమసమాచారాలు అడిగేవాళ్లం. మా డ్రిల్లు మాస్టారు మంచివాడు, ఆదివారం చర్చిలో ఆయన కోసం ప్రార్థన పెట్టించాడు. తీరా చూస్తే ఆ ప్రార్థన గొంతు బాగుపడాలని కాదట, ఆలోచనలు బాగుపడాలనిట. నేనూ పగలబడి నవ్వాను. ఆ వస్తువు ఏదో ఒకరోజు ఊపిరికి అడ్డం పడుతుందని ఆయన భయపడుతుండేవారు. ఆ భయంకన్నా, అలా పోయాక కూడా ఎవరూ నమ్మరేమోనన్న దిగులే ఆయనకి ఎక్కువగా ఉండేదని ఇప్పుడు అర్థమవుతోంది.

పెనుగొలనులో మా స్కూలు కమిటీ పెద్దమనిషి కూతురి పెళ్లికి స్టాఫంతా వెళ్లాం. ఇంకెక్కడా విస్తరి ఖాళీ లేక ఈసారి తెలిసి తెలిసీ ఆయన పక్కనే కూర్చున్నాను. పావుగంటలో అందరివీ అయిపోయాయి. నలభై మంది ఎంగిలి చేతులతో ఆయన్నే చూస్తున్నారు. రెండో పంక్తివాళ్లు గుమ్మం దగ్గర మూగారు. ఎవరో ఎ.కొండూరు బస్సు వెళ్లిపోతుందని పైకే గొణిగారు. ఆ మాట విని ఆయన కంగారుపడి, ముద్ద మింగబోయి దగ్గారు. మళ్లీ దగ్గారు. అప్పుడు ఆయన నోట్లోంచి ఒక గులాబి రంగు కండ, నాలుక మీద రెండో నాలుక మొలిచినట్టు, పెదవుల దాకా వచ్చి ఆగింది. బొటనవేలికంటే లావుగా, నున్నగా మెరుస్తోంది. ఆయన తల వెనక్కి వాల్చి రెండు గుటకలు వేశారు. అది లోపలికి వెళ్లిపోయింది. ఉత్తరీయం అడ్డం ఉండటంతో ఇటుపక్క కూర్చున్న నాకు తప్ప ఎవరికీ కనపడలేదు.

ఆయన కళ్లనీళ్లు తుడుచుకుని నావైపు వంగకుండానే తిరిగి, "చూశావా?" అన్నారు.

ఆ ఒక్క మాటలో పదకొండేళ్ల ఆశ ఉందని నాకు తెలుసు. కానీ పెళ్లికూతురి తండ్రి ఎదురుగా పెరుగు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అర్చకుల ఇంటి మనిషి నోట్లోంచి మాంసం వచ్చిందని శాకాహారపు పంక్తి మధ్యలో కూర్చుని ఎలా చెప్పను? చెప్తే రెండు పంక్తులూ లేచిపోతాయి. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

"ఏంటండీ మాస్టారూ?" అన్నాను.

ఏం లేదులే అని ఆయన పెరుగన్నం కలుపుకున్నారు. ఆ తరవాత నెలరోజులు నేను స్టాఫు రూములో ఆయన కుర్చీకి దూరంగా కూర్చున్నాను. చూసింది చూడలేదని ఎంత నచ్చచెప్పుకున్నా నాకే నమ్మబుద్ధి కాలేదు.

నెల తిరిగాక ఒక రోజు పక్క క్లాసులో కలకలం వినపడి పరిగెత్తాను. ముందు బెంచీవాడు ఆ రోజు వాళ్లూరు వినగడపనుంచి రాలేదు. సుద్దముక్క పడితే ఈయనే వంగారు. వస్తువు పైకొచ్చి, లోపలికి వెళ్లక మధ్యలో ఇరుక్కుంది. నేను వెళ్లేసరికి ఆయన ముఖం నీలంగా ఉంది, వెనకబెంచీ కుర్రాళ్లు వీపు మీద గుద్దుతున్నారు. కాసేపటికి ఊపిరి వచ్చింది. గొంతులో అన్నం మెతుకు అడ్డం పడి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆయన పది నిమిషాలు కుర్చీలో కూర్చుని, లేచి, బోర్డు మీద సగంలో ఆగిన లెక్కని స్టెప్పులతో సహా పూర్తిచేశారు. నాకు నా మీద అసహ్యం వేసింది.

సాయంత్రం బడి వదలగానే వాళ్లింటికి వెళ్లాను. మాస్టారి భార్య మంచినీళ్లిచ్చి, నేను నోరు తెరిచేలోపు తన గోడు చెప్పుకుంది. "నా వంట గొంతు దిగక చెప్పే మాటలు బాబూ అవి. పదకొండేళ్లలో ఒక్కనాడు బాగుందని అనలేదు. మెత్తగా వండమంటారు, వండితే మందు మింగినట్టు కళ్లు మూసుకుని మింగుతారు. నేనేం చేశాను చెప్పు?"

ఆయన అరుగు మీద కూర్చుని వింటూనే ఉన్నారు. నేను అక్కడే నిలబడి, పెనుగొలనులో చూశాననీ, అడిగితే అబద్ధం చెప్పాననీ ఒప్పుకున్నాను. చెడామడా తిడతారనుకున్నాను. ఆయన "జవాబు సరే, స్టెప్పులు?" అన్నారు. లోపలికి వెళ్లి ఒక రికార్డు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టారు. రంగు, లావు, ఎంతసేపు ఉంది, ఎటునుంచి వచ్చింది, అన్నీ నా చేత రాయించారు. తరవాత పటం గీసి భాగాలు గుర్తించమన్నారు. గీశాను. ఒక బాణం గుర్తు వేసి, ఇది ఏమిటో తెలియదు అని రాశాను. మాస్టారి భార్య తొంగి చూసి వంకాయ ఎందుకు గీశావని అడిగింది.

ఆ పుస్తకం చంకలో పెట్టుకుని మర్నాడు పొద్దున్నే ఇద్దరం బెజవాడ బస్సెక్కాం. అక్కడ ఒక గొంతు డాక్టరు గారు మెత్తని మనిషి అని డ్రిల్లు మాస్టారు చెప్పాడు. ఆయన నా పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వు ఆపుకుని, నుదుటికి అద్దం కట్టుకుని నోట్లోకి చూశారు. ఏమీ లేదు. దగ్గమన్నారు, వంగమన్నారు. మాస్టారు వీధిలో రిక్షావాళ్లు ఆగి చూసేంత గట్టిగా దగ్గారు. ఏమీ రాలేదు. తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. అన్నం గొట్టం వెడల్పుగా ఉంది, లోపల ఏదో నీడ ఉంది, తిన్నది నిలిచిపోయిందో ఏమో అన్నారు. రెండో రోజు మధ్యాహ్నానికి మాస్టారి గొంతు బొంగురుపోయింది. పదకొండేళ్లు పిలవకుండా వచ్చిన చుట్టం పిలిచేసరికి మొహం చాటేసింది. డాక్టరు గారు కళ్లజోడు తీసి, కంటితో చూడకుండా కత్తి పట్టలేనని మర్యాదగానే చెప్పారు. మాస్టారు రికార్డు పుస్తకం మూసేసి, ఇక వెళ్దామా అన్నట్టు నావైపు చూశారు. ఆ చూపు భరించలేకపోయాను. పెనుగొలను పంక్తి గుర్తొచ్చి ఒక ఆలోచన తట్టింది.

"సార్, ఈయన ఊరికే దగ్గితే అది రాదండీ. ఈయన అన్నం తింటుంటే పదిమంది ఆగి ఎదురుచూడాలి. అప్పుడొస్తుంది," అన్నాను.

డాక్టరు గారు నన్ను కూడా పరీక్ష చెయ్యాలా అన్నట్టు చూశారు. అయితే ఎలాగూ భోజనాల వేళ అయింది. హోటలునుంచి క్యారియర్లు తెప్పించి, ఆసుపత్రి వరండాలో చాప పరిచి విస్తళ్లు వేయించారు. డాక్టరు గారు, ఇద్దరు నర్సులు, కాంపౌండరు, నేను, చివర మాస్టారు. అర్చకుల ఇంట పుట్టి ఇలాంటి పంక్తిలో ఆయన ఏనాడూ కూర్చుని ఉండరు. ఒక్క క్షణం తటపటాయించి కూర్చున్నారు. డాక్టరు గారు కళ్లు మూసుకుని యేసుప్రభువుకి కృతజ్ఞతలు చెప్పేలోపు మాస్టారు విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి, ఔపోశన పట్టడం పూర్తి చేశారు.

డాక్టరు గారు ఏడు నిమిషాల్లో తినేసి లేవబోయారు. లేవకూడదని నేను బతిమాలితే కూర్చున్నారు. పావుగంటైంది. వరండా మెట్ల మీద రోగులు బారులు తీరారు. మాస్టారు మూడో ముద్ద దగ్గర గడ్డం ఎత్తి కళ్లు మూసుకున్నారు. అరగంటైంది. డాక్టరు గారు ఎండిన వేళ్లని చూసుకున్నారు, ఎడమ చేతి గడియారం చూసుకున్నారు. పాపం ఆయన కావాలని చూడలేదు, నిజంగానే ఓపిక అయిపోయింది. అది మాస్టారి కంటపడింది. గబగబా పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. మాస్టారు దగ్గారు.

అది పెనుగొలనులో కంటే రెండంగుళాలు ఎక్కువే బయటికొచ్చింది. డాక్టరు గారు విస్తళ్లు దాటి ఒక్క గెంతులో వచ్చారు. కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడమ చేత్తో జేబురుమాలుతో పట్టుకుని, మింగకండి మాస్టారూ, ముక్కుతో ఊపిరి పీల్చండి అంటూ లోపలికి టార్చి వేయించి చూశారు. అది ఎక్కడ మొదలైందో అందలేదు. మెల్లిగా వదిలారు. మాస్టారు గుటక వేసి, కళ్లు తుడుచుకున్నారు.

"చూశారా?" అన్నారు.

"చూశానండీ," అన్నారు డాక్టరు గారు.

"అయితే రాసివ్వండి."

డాక్టరు గారు చెయ్యి కడుక్కుని, తన పేరున్న కాగితం మీద రాసి సంతకం చేశారు. మాస్టారు అది రెండుసార్లు చదివి, మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నారు. ఆ తరవాత గానీ తన జబ్బేమిటని అడగలేదు. ప్రాణం సంగతి ఆయనకి రెండోది.

అది అన్నం గొట్టం పైభాగంలో పుట్టి, తొడిమకి వేలాడే కాయలాగా లోపలికి సాగిన కండ అనీ, రాచపుండు కాదనీ, ఇలాంటిది తాను పుస్తకంలో తప్ప చూడలేదనీ డాక్టరు గారు చెప్పారు. ఒకవేళ అది పైకొచ్చి గాలిగొట్టం మీద పడితే మనిషి నిమిషాల్లో పోతాడని కూడా చెప్పారు. ఆపరేషన్ ఎలా చేస్తారో మాస్టారు స్టెప్పులు అడిగారు. నేను సిగ్గుతో తల దించుకున్నాను. డాక్టరు గారు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, నా రికార్డు పుస్తకంలోనే నా వంకాయ పక్కన ఇంకో పటం గీసి, మెడ ఎక్కడ తెరుస్తారో, తొడిమ ఎక్కడ కడతారో అరగంటసేపు ఒక్కొక్కటే చెప్పారు. మాస్టారు మధ్యలో ఒకచోట ఒక స్టెప్పు తప్పిందని పట్టుకున్నారు. నిజమే తప్పింది. ఇక చెయ్యండి, నాకు భయం లేదు అన్నారు.

భయం నాకు ఉంది. ఆపరేషన్ గది బయట బల్ల మీద, కబురు అందుకుని వచ్చిన మాస్టారి భార్య పక్కన కూర్చుని మూడు గంటలు గోళ్లు కొరుక్కున్నాను. ఆవిడ డాక్టరు రాసిచ్చిన కాగితం చూసి కూడా, పెద్దమనిషి ఈయన మనసు కష్టపెట్టలేక రాసిచ్చి ఉంటాడనే అనుకుంటోంది. తలుపు తీసుకుని నర్సు ఎనామిలు పళ్లెం పట్టుకొచ్చింది. అందులో జానెడు పైన పొడవున్న కండ. ఆవిడ దాన్ని చూసింది. ఇది ఈయన లోపలిదేనా అని అడిగింది. అవునన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మాస్టారు మళ్లీ బడికి వచ్చాక ఊరు కొత్త తీర్పులిచ్చింది. గొంతు స్పష్టంగా వినపడేసరికి పిల్లలు దిగులుపడ్డారు. గుళ్లో సాష్టాంగపడితే, కత్తి పడ్డాక గర్వం అణిగింది అన్నారు. అంతకుముందు మేము ఆయన స్వభావం అని చెప్పుకున్నదాంట్లో మూడొంతులు ఆ పళ్లెంలో పోయింది. స్టెప్పులు మాత్రం పోలేదు.

నెల తరవాత ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. ఆవిడ పదకొండేళ్ల కసి తీరా వండింది. పులిహోర, కరకరలాడే గారెలు, కందిపొడి. సరిగ్గా పన్నెండింటికి ఇద్దరం పీటల మీద కూర్చున్నాం. ఆయన పులిహోర రెండుసార్లు వేయించుకున్నారు. గారె కొరికితే చప్పుడైంది. నాకంటే ముందే మజ్జిగకి వచ్చేశారు. బాగుంది అని ఆవిడతో చెప్పారు కూడా. ఆవిడ ముఖం వెలిగిపోయింది. గోడ గడియారంలో పన్నెండుంపావు.

మేం లేస్తే ఆవిడ కూడా తినచ్చు కదా అని, ఇక మీరూ వడ్డించుకోండి అమ్మా అన్నాను.

"ఇప్పుడే తినలేను బాబూ," అంది ఆవిడ. "ఈయన లేచాకే కదా నేను తినేది. ఇంట్లో తొందరపెట్టేవాళ్లు లేరు కదా, రెండు దాటేది. ఇప్పుడూ అప్పటికి గానీ నాకు ఆకలి వెయ్యదు. అలవాటైపోయింది."

ఆవిడ మామూలుగానే అంది. ఏ నిష్ఠూరమూ లేదు. ఏడాదికి నాలుగు పెళ్లిళ్లలో ముప్పావుగంట ఆగినందుకు మేమంతా ఆయన్ని ఆడిపోసుకున్నాం. ఈవిడ పదకొండేళ్లు పూటపూటా ఆగింది, ఆకలితో, తన వంటే బాగాలేదనుకుంటూ. ఊళ్లో ఒక్కరికీ ఆ లెక్క తట్టలేదు. లెక్కల మాస్టారికి కూడా తట్టలేదని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

ఆయన నావైపు తిరిగి, నువ్వు లేచి చెయ్యి కడుక్కోవయ్యా అన్నారు. నేను లేచాను. ఆయన లేవలేదు. ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా వినకుండా, ఎంగిలి చెయ్యి విస్తరి మీద అలాగే పెట్టుకుని, రెండు దాటాక ఆవిడ ఎదురుగా కూర్చుని తిని ముగించేదాకా ఆ పీట మీదే ఉన్నారు.